మగ్గం నుంచి మారుతి దాకా: పాఠకుల ప్రశ్నలకు జవాబులు

ఈసారి ఉత్తరాల్లో ఎక్కువ భాగం సుజుకి కంపెనీ పుట్టుపూర్వోత్తరాల గురించి, ఆ కంపెనీ కార్ల మరమ్మతుల గురించి వచ్చాయి. అందుకని ఈ సంచికను వాటికే కేటాయించాం.

ప్రశ్న: మారుతి కారు చేసే జపాన్ కంపెనీ ఒకప్పుడు మగ్గాలు చేసేదని మా సంఘంలో ఒకాయన అన్నడు. నిజమేనా? అయితే ఎట్లాంటి మగ్గాలు? మగ్గాలు చేసేటోళ్లు కార్లలోకి ఎందుకు పోయిండ్రు?
— నేత కార్మికుడు, పుట్టపాక

జవాబు: నిజమే. సుజుకి మిచియో 1887లో పుట్టాడు. వడ్రంగి పని నేర్చుకున్నాడు. తల్లి కోసం ఒక మగ్గం చేసిపెట్టాడు. అది బాగా నడవడంతో 1909లో హమమత్సు పట్టణంలో సుజుకి మగ్గాల కార్ఖానా పెట్టాడు. 1920లో అది వాటాల కంపెనీ అయింది.

ఆయన మగ్గం గొప్పతనం ఎక్కడుందో మీకైతే తేలిగ్గా తెలుస్తుంది. గళ్ల బట్ట నేయాలంటే పేకలో (అడ్డపోగుల్లో) రంగు మారాలి, రంగు మారాలంటే ఆ పోగును మోసే నాడె మారాలి. చేత్తో మార్చినన్నిసార్లూ మగ్గం ఆగుతుంది. మిచియో నాడె పెట్టెను అరలుగా చేసి, పైకీ కిందికీ కదిలేట్టు అమర్చాడు. మన దగ్గర డ్రాప్ బాక్సు అనేది ఆ కోవలోదే. దాంతో చారలు, గళ్లు ఆగకుండా నేయడం కుదిరింది. ఆగ్నేయాసియాలో కట్టుకునే లుంగీల్లాంటి సారంగుల్లో గళ్లవి ఎక్కువ కాబట్టి, వాటి కోసమే ప్రత్యేకంగా ఒక మగ్గం తయారుచేసి ఆ దేశాలకు ఎగుమతి చేశాడు. జీవితకాలంలో ఆయన పేరిట 120కి పైగా పేటెంట్లు వచ్చాయి.

కార్లలోకి ఎందుకు వెళ్లారన్న ప్రశ్నకు జవాబు ఆ మగ్గంలోనే ఉంది. గట్టిగా చేసిన మగ్గం పదుల ఏళ్లు నడుస్తుంది. ఒకసారి కొన్నవాడు మళ్లీ కొనడు. ఊళ్లన్నీ మగ్గాలతో నిండితే కార్ఖానాకు పని ఉండదని మిచియో ముందే గ్రహించాడు. 1937లో చిన్న కారు పని మొదలుపెట్టాడు. బ్రిటన్ నుంచి ఆస్టిన్ సెవెన్ కారు తెప్పించి, విప్పి, ప్రతి భాగాన్నీ పరిశీలించి నమూనాలు కట్టారు. యుద్ధం వచ్చి అది ఆగిపోయింది.

యుద్ధం తర్వాత మళ్లీ మగ్గాలే చేశారు. 1951లో నూలు మార్కెట్ కూలడంతో మగ్గాల గిరాకీ పడిపోయింది. 1952లో సైకిలుకు బిగించే 36 సీసీ ఇంజిన్ తెచ్చారు, పేరు పవర్ ఫ్రీ. తొక్కుతూ పోవచ్చు, ఇంజిన్ సాయంతో తొక్కవచ్చు, తొక్కకుండా ఇంజిన్ మీదే పోవచ్చు. పెడల్ దగ్గర రెండు పళ్లచక్రాలు పెట్టడం వల్ల ఈ మూడూ కుదిరాయి. 1954లో కంపెనీ పేరు సుజుకి మోటార్ అయింది. 1955లో సుజులైట్ కారు వచ్చింది. టూ స్ట్రోక్ ఇంజిన్, 360 సీసీ, ముందు చక్రాలకే నడక. ఇంజిన్ బలం ముందు చక్రాలకే ఇస్తే వెనకదాకా పొడవాటి షాఫ్ట్ అక్కర్లేదు. బరువు తగ్గుతుంది, కాళ్లు పెట్టుకునే చోటు పెరుగుతుంది. ఆ రోజుల్లో జపాన్‌లో ఎవరూ ఆ పద్ధతి నమ్ముకోలేదు. సుజుకి నమ్ముకుంది, నేటికీ ఆ కంపెనీ చిన్న కార్లలో చాలావాటికి ఆధారం అదే.

కామ్‌లు, గేర్లు, పోత ఇనుము, ఒకదాని కదలికకు ఇంకోదాని కదలిక సరిగ్గా అందేట్టు చూడటం, ఇవన్నీ మగ్గం పనిలోనూ ఉన్నవే. అందుకే మగ్గాలవాళ్లకు ఇంజిన్ పూర్తిగా కొత్త విద్య కాలేదు. మగ్గాల విభాగాన్ని 1961లో వేరే కంపెనీగా విడదీశారు.

ప్రశ్న: టొయోటా కూడా మగ్గాల కంపెనీయే అని చదివాను. రెండూ ఒకటేనా? మారుతి బలెనో, టొయోటా గ్లాంజా ఒకేలా ఉంటాయి కదా?
— డిగ్రీ విద్యార్థిని, నారాయణపేట

జవాబు: రెండూ వేర్వేరు కంపెనీలు, కానీ పుట్టిన చోట్లు దగ్గర. టొయోటాకు మూలపురుషుడు టొయోడా సకిచి. 1867లో ఇప్పటి కొసాయ్ పట్టణం పరిధిలో పుట్టాడు. అది హమమత్సుకు పక్కనే. సుజుకి కార్ల పెద్ద ఫ్యాక్టరీ కూడా నేడు ఆ కొసాయ్‌లోనే ఉంది.

సకిచి 1924లో పూర్తిచేసిన జి-టైప్ మరమగ్గంలో పడుగు (నిలువు) పోగు తెగితే మగ్గం తనంతట తానే ఆగేది, నాడె మారేటప్పుడు మాత్రం ఆగేది కాదు. ఒక్క మనిషి చాలా మగ్గాలు చూసుకోగలిగాడు. 1929లో ఆ పేటెంట్ హక్కును ఇంగ్లండ్‌లోని ప్లాట్ బ్రదర్స్ కొన్నది. సకిచి కొడుకు కీచిరో కార్ల పనికి దిగాడు. 1933లో మగ్గాల కంపెనీలోనే కార్ల విభాగం, 1937లో టొయోటా మోటార్ కంపెనీ ఏర్పడ్డాయి. తప్పు జరిగిన క్షణంలో యంత్రం ఆగాలి, లోపంతో ఉన్న సరుకు ముందుకు పోకూడదు అనే నియమం టొయోటా ఫ్యాక్టరీల్లో ఇప్పటికీ పునాది. అది ఆ మగ్గం నుంచి వచ్చిందే.

ఇక గ్లాంజా సంగతి. 2019లో టొయోటా సుజుకిలో 4.94 శాతం వాటా తీసుకుంది, సుజుకి కూడా టొయోటాలో కొంత పెట్టుబడి పెట్టింది. తక్కువ ఖర్చుతో చిన్న కారు కట్టడం సుజుకికి తెలుసు. హైబ్రిడ్, బ్యాటరీ విద్యలు టొయోటా దగ్గర ఉన్నాయి. అదే ఏడాది బలెనోకు టొయోటా గుర్తు వేసి గ్లాంజాగా అమ్మడం మొదలైంది. ఇంజిన్, గేర్‌బాక్స్ సుజుకివే. విడిభాగాలు కొనేటప్పుడు రెండు చోట్లా ధర అడగండి. ముందు బంపర్ వంటివి తప్ప లోపలి భాగాలు చాలావరకు రెంటికీ సరిపోతాయి.

ప్రశ్న: మారుతి మొదట ప్రభుత్వ కంపెనీ కదా. సుజుకి చేతికి ఎప్పుడు, ఎట్లా పోయింది? అంత పెద్ద పెద్ద కంపెనీలుండగా సుజుకినే ఎందుకు ఎంచుకున్నారు?
— రైస్ మిల్లు గుమాస్తా, మిర్యాలగూడ

జవాబు: మారుతి ఉద్యోగ్ 1981లో ప్రభుత్వ సంస్థగా ఏర్పడింది. విదేశీ భాగస్వామి కోసం యూరప్, జపాన్ కంపెనీలు చాలావాటితో మాట్లాడారు. మన దేశానికి కావలసింది పెట్రోలు తక్కువ తాగే చిన్న బండి. పెద్ద కంపెనీల దగ్గర కొత్త చిన్న బండి లేదు, ఉన్నా పెట్టుబడి పెట్టడానికి వెనుకాడాయి. సుజుకి దగ్గర ఆ రెండూ ఉన్నాయి.

ఆ బండి ఎట్లా వచ్చిందో కూడా తెలుసుకోవాలి. 1970ల మధ్యలో పొగ నియమాలు కఠినమై, పొగ ఎక్కువ వదిలే టూ స్ట్రోక్ ఇంజిన్‌ను నమ్ముకున్న సుజుకి ఇబ్బందుల్లో పడింది. 1978లో ఒసాము సుజుకి అధ్యక్షుడయ్యాడు. సుజుకి కుటుంబంలోని అమ్మాయిని పెళ్లాడి ఇంటిపేరు మార్చుకున్న అల్లుడాయన. మరుసటి ఏడాది, 1979లో, ఆల్టో వచ్చింది. ధర 4,70,000 యెన్లు. జపాన్‌లో అప్పుడు ప్రయాణికుల కారు మీద సరుకు పన్ను ఉండేది, సామాన్ల బండి మీద లేదు. ఆల్టోకు వెనక సీటు ఇరుకు చేసి, సామాన్లకు చోటిచ్చి, వాణిజ్య బండిగా నమోదయ్యేట్టు కట్టారు. పన్ను తప్పింది, ధర దిగింది, కారు విరగబడి అమ్ముడైంది. నియమం ఎంతవరకు ఒప్పుకుంటుందో అంతవరకే బండిని కట్టడం సుజుకి అసలు బలం. 4 మీటర్ల లోపు పొడవు, 1200 సీసీ లోపు పెట్రోలు ఇంజిన్ ఉంటే పన్ను తక్కువ అని మన ప్రభుత్వం అన్నప్పుడు కూడా సుజుకి అదే చేసింది. డిజైర్ డిక్కీని కత్తిరించి 4 మీటర్లలోకి తెచ్చింది అందుకే.

1982 అక్టోబరు 2న ఒప్పందం జరిగింది. సుజుకి వాటా 26 శాతం, మిగతాది ప్రభుత్వానిది. 1983 డిసెంబరు 14న ఇందిరా గాంధీ మొదటి మారుతి 800 తాళం అందజేశారు. ఆ ఆల్టో తరం బండే మన 800: 796 సీసీ, మూడు సిలిండర్లు, ధర రూ.47,500. అప్పటికి రోడ్ల మీద ఉన్నవి అంబాసిడర్, ప్రీమియర్ పద్మిని. 800 బరువు సుమారు 650 కిలోలే కాబట్టి ఆ చిన్న ఇంజిన్‌తోనే చురుగ్గా పరుగెత్తింది.

మొదట్లో భాగాలు జపాన్ నుంచి వచ్చి ఇక్కడ కూర్చేవారు. తర్వాత మారుతి తానే వాటా పెట్టి విడిభాగాల కంపెనీలను నిలబెట్టింది. అద్దాలకు అసాహి ఇండియా, సీట్లకు భారత్ సీట్స్ అట్లా వచ్చినవే. మన చిన్న పట్టణాల్లో కూడా మారుతి సామాను చవకగా దొరకడానికి అసలు కారణం ఇది. మారుతి చరిత్రలో కారు కంటే ఇదే పెద్ద పని అని మా అభిప్రాయం.

వాటాలు ఇట్లా మారాయి: 1992లో సుజుకి 50 శాతానికి చేరింది. 2002లో 54.2 శాతంతో యాజమాన్యం చేతికొచ్చింది. 2003లో షేర్లు జనానికి అమ్మారు. 2007 నాటికి ప్రభుత్వం పూర్తిగా తప్పుకుంది, పేరు మారుతి సుజుకి అయింది. 800 తయారీ 2014 జనవరిలో ఆగింది. ఒసాము 2024 డిసెంబరులో కన్నుమూశారు, మరుసటి ఏడాది మన ప్రభుత్వం ఆయనకు పద్మవిభూషణ్ ప్రకటించింది.

ప్రశ్న: మా నాయిన కొన్న 1998 మారుతి 800, ఏపీ 24 బండి, ఇంకా నడుస్తున్నది. శ్రీశైలం పోయేటప్పుడు మన్ననూరు ఘాట్ ఎక్కుతుంటే వేడెక్కి ఆగిపోతున్నది. రేడియేటర్‌లో బోరు నీళ్లు పోస్తున్నం. మెకానిక్ థర్మోస్టాట్ తీసేసిండు. అయినా తగ్గలేదు. ఏం చెయ్యాలె?
— రైతు, దేవరకొండ

జవాబు: ముందు బోరు నీళ్లు మానండి. నల్లగొండ నీళ్లంటే అందరికీ ఫ్లోరైడ్ గుర్తొస్తుంది. కానీ రేడియేటర్‌ను పాడుచేసేది ఆ నీళ్లలోని కాల్షియం, మెగ్నీషియం లవణాలు. వేడికి అవి పొలుసుగా పేరుకుంటాయి. అన్నం కుండ అడుగున తెల్లగా పట్టేది అదే. సన్నని గొట్టాల్లో ఆ పొర పడితే నీళ్లు తిరగవు, తిరిగినా వేడి బయటకు పోదు. పైగా 800 ఇంజిన్ హెడ్ అల్యూమినియంది, ఉప్పునీళ్లు దాన్ని లోలోపల తింటాయి.

థర్మోస్టాట్ అంటే ఇంజిన్ వేడెక్కేదాకా నీళ్లను రేడియేటర్‌కు పోనీయని కవాటం. దాన్ని తీయించడం తప్పు. అది లేకుంటే మామూలు రోడ్డు మీద ఇంజిన్‌కు అందాల్సిన వేడి అందదు, పెట్రోలు ఎక్కువ తాగుతుంది, ఆయిల్ బురదలా మారుతుంది. ఘాట్‌లో మాత్రం అడ్డుపడిన రేడియేటర్ అడ్డుపడే ఉంటుంది. కొత్తది తెచ్చి బిగించండి. ఇది పెద్ద ఖర్చు కాదు.

చేయాల్సిన వరుస ఇది. బండి పూర్తిగా చల్లారాక, పొద్దున్నే మొదలుపెట్టండి. వేడి మీద మూత విప్పితే మొహం కాలుతుంది. లోపల హీటర్ మీటను వేడివైపు తిప్పండి, అప్పుడు హీటర్ గొట్టాల్లోని పాత నీళ్లు కూడా కదులుతాయి. రేడియేటర్ కింది ప్లగ్ విప్పి మొత్తం వదలండి. బ్యాటరీలో పోసే డిస్టిల్డ్ నీళ్ల (యాసిడ్ కాదు) 5 లీటర్ల క్యాన్లు రెండు, మూడు తెచ్చుకోండి. ఆ నీళ్లు నింపి, ఫ్యాన్ తిరిగేదాకా ఇంజిన్ నడిపి, చల్లార్చి వదలండి. బయటికొచ్చే నీళ్లు తేటగా వచ్చేదాకా ఇట్లాగే చేయండి. ఆ తర్వాత కలపనవసరం లేని, సిద్ధంగా అమ్మే కూలెంట్ 4 లీటర్లు దగ్గర పెట్టుకోండి, కొంత మిగులుతుంది. మెల్లగా పోయండి. మూత తీసి ఇంజిన్ నడిపితే బుడగలు వస్తూ మట్టం పడుతుంది, మళ్లీ నింపండి. గాలి లోపల మిగిలిపోతే కొత్త కూలెంట్ పోసినా వేడెక్కుతుంది. చాలామంది ఇక్కడే ఆగిపోతారు.

పొలుసు మందంగా పట్టి ఉంటే కడగడంతో పోదు. ఇత్తడి రేడియేటర్ అయితే పైతొట్టి విప్పి కడ్డీలతో గొట్టాలు తోమే షాపులున్నాయి. అల్యూమినియందైతే మార్చుకోవాల్సిందే. యాసిడ్ పోయనీయకండి.

మూత కూడా చూడండి. దాని రబ్బరు, స్ప్రింగ్ బాగుంటే లోపల చదరపు సెంటీమీటరుకు సుమారు 0.9 కిలోల ఒత్తిడి నిలుస్తుంది. ఆ ఒత్తిడిలో నీళ్లు 100 డిగ్రీల దగ్గర కాదు, 118 డిగ్రీల దగ్గర మరుగుతాయి. మూత వదులైతే ఘాట్‌లో నీళ్లు ముందే మరిగి బయటికి తన్నుకొస్తాయి. ఇంజిన్ వేడెక్కినా ఫ్యాన్ తిరగకపోతే, స్విచ్ దగ్గరి రెండు తీగలు కలిపి చూడండి. అప్పుడు తిరిగితే స్విచ్ పోయినట్టు, తిరగకపోతే ఫ్యూజు, రిలే లేదా మోటార్ చూడాలి.

ఇవన్నీ చేశాక కూడా వేడెక్కితే హెడ్ గాస్కెట్ (హెడ్‌కూ ఇంజిన్ బ్లాకుకూ నడుమ ఉండే పలుచని పలక) అనుమానించాలి. చల్లని ఇంజిన్ స్టార్ట్ చేసిన వెంటనే రేడియేటర్‌లో ఆగని బుడగలు, ఆయిల్ పోసే మూత కింద పాలమీగడ లాంటి మురికి, పొగగొట్టం నుంచి తగ్గని తెల్లపొగ దాని గుర్తులు. ఇప్పటికే చాలాసార్లు వేడెక్కింది కాబట్టి హెడ్ వంగి ఉండవచ్చు. గాస్కెట్ ఒక్కటే మార్చి బిగిస్తే నెలల్లో మళ్లీ పోతుంది. హెడ్ ఫేసింగ్ చేయించి (అడుగు చదును చేయించి), బోల్టులు నడుమ నుంచి అంచులకు, రెండు మూడు దఫాలుగా, టార్క్ రెంచ్‌తో బిగించమనండి.

ప్రశ్న: 2014 స్విఫ్ట్ డీజిల్ అమ్మకానికి వచ్చింది. సుజుకి డీజిల్ ఇంజిన్ మంచిదేనా?
— ఎరువుల దుకాణదారు, గద్వాల

జవాబు: ఆ ఇంజిన్ సుజుకి రూపొందించింది కాదు, ఫియట్‌ది. 1,248 సీసీ మల్టీజెట్. హక్కు తీసుకుని మానేసర్‌లో తయారుచేశారు. బీఎస్ 6 అనే పొగ నియమాలతో 2020 ఏప్రిల్ నుంచి మారుతి డీజిల్ మానేసింది.

ఇంజిన్ మంచిదే, కానీ ఆయిల్ అశ్రద్ధను సహించదు. దీనికి టైమింగ్ చైన్, అంటే వాల్వులు సరైన క్షణంలో తెరుచుకునేట్టు చూసే గొలుసు, ఉంటుంది. చైన్‌ను బిగువుగా పట్టి ఉంచే టెన్షనర్ ఆయిల్ ఒత్తిడితోనే పనిచేస్తుంది. ఆయిల్ తగ్గినా చెడినా చైన్ వదులై అరుగుతుంది. కాబట్టి బండి చూడటానికి పొద్దున్నే వెళ్లండి, ముందుగా వేడి చేయవద్దని చెప్పండి. చల్లని ఇంజిన్ తిప్పగానే ఒకటి రెండు సెకన్లు మోగి ఆగితే సరే. ఆ మోత ఆగకపోతే బేరం వద్దు. 10,000 కిలోమీటర్లకు లేదా ఏడాదికి ఒకసారి ఆయిల్ మార్చినట్టు రసీదులు అడగండి. ఆయిల్ పోసే మూత తీస్తే పొగ పఫ్‌పఫ్‌మని ఎగదన్నితే పిస్టన్ రింగులు అరిగినట్టు. వేగం అందుకునేటప్పుడు వెనక నల్లపొగ దట్టంగా వస్తే ఈజీఆర్ (పొగలో కొంత మళ్లీ ఇంజిన్‌లోకి పంపే కవాటం), ఇంజెక్టర్ల ఖర్చు పక్కన పెట్టుకుని ధర మాట్లాడండి.

ప్రశ్న: అమెరికాలో సుజుకి కార్లు ఎందుకు కనబడవు?
— కల్వకుర్తి

జవాబు: 2012లో అక్కడ కార్ల అమ్మకం మానుకుంది. 2018లో చైనా నుంచి కూడా తప్పుకుంది. రెండు చోట్లా జనం పెద్ద బండ్లవైపు మళ్లారు, సుజుకి దగ్గర అవి లేవు.   చిన్న బండి అడిగేచోట గెలిచింది, అడగని చోట నిలవలేదు.

ప్రశ్న: మారుతి కార్లు రేకు డబ్బాలంటారు. పిల్లలతో హైదరాబాద్ హైవే మీద తిరుగుతాం. పాత ఆల్టో కొనవచ్చా?
— ఉపాధ్యాయురాలు, నల్లగొండ

జవాబు: ఆ మాటకు ఆధారం ఉంది. కార్లను గుద్దించి భద్రత చూసే గ్లోబల్ ఎన్‌క్యాప్ సంస్థ 2014లో చేసిన పరీక్షలో ఎయిర్‌బ్యాగులు లేని ఆల్టో 800కు, స్విఫ్ట్‌కు సున్నా నక్షత్రాలు వచ్చాయి. అదే కంపెనీ కొత్త డిజైర్‌కు 2024లో అయిదు వచ్చాయి. చిన్న కారును భద్రంగా కట్టడం సుజుకికి చేతకాక కాదు. చట్టమూ, కొనేవాళ్లూ అడగనంతకాలం ఆ ఖర్చు పెట్టలేదు. ఇది ఆ కంపెనీ మీద న్యాయమైన విమర్శే.

పాతది కొంటే తయారైన నెల చూడండి, ఆర్‌సీ మీద ఉంటుంది. 2019 జూలై నుంచి డ్రైవర్ ఎయిర్‌బ్యాగ్, 2022 జనవరి నుంచి ముందు రెండు ఎయిర్‌బ్యాగులు తప్పనిసరి అయ్యాయి. హైవే ప్రయాణానికి 2022 జనవరి నుంచి తయారైనది చూసుకోండి. తాళం తిప్పగానే ఎయిర్‌బ్యాగ్ దీపం వెలిగి కొన్ని సెకన్లలో ఆరాలి. అసలు వెలగకపోతే దీపం పీకేసి లోపం దాచారని అనుమానించండి. ముందు ఇనుప గార్డు ఉంటే తీయించండి, అది నిషేధం కూడా. ఆరు ఎయిర్‌బ్యాగుల బండి అయితే మామూలు సీటు కవర్లు వేయకండి, సీటు పక్కన దాగిన బ్యాగ్‌కు అవి అడ్డుపడతాయి. వెనక కూర్చున్న పిల్లలకు కూడా బెల్టు వేయండి.

ప్రశ్న: మా ఆల్టో 800 బండికి 90,000 కిలోమీటర్లు దాటింది. టైమింగ్ బెల్ట్ మార్చాలని ఒకరు, దీనికి చైనే ఉంటుందని ఇంకొకరు అంటున్నారు. ఏది నిజం?
— వనపర్తి

జవాబు: ఆల్టో 800కు బెల్టే, అంటే వాల్వులను నడిపించే చైన్ పనిని ఇందులో రబ్బరు పట్టీ చేస్తుంది. పాత 800, ఓమ్ని, జెన్, 2010కి ముందటి వ్యాగన్ ఆర్‌లవి కూడా బెల్టులే. ఆల్టో కె10, తర్వాతి వ్యాగన్ ఆర్, 2010 తర్వాతి పెట్రోలు స్విఫ్ట్ వంటి కె-సిరీస్ ఇంజిన్లకు చైన్ ఉంటుంది. కంపెనీ లెక్క లక్ష కిలోమీటర్లు. మన ఎండలకు రబ్బరు త్వరగా గట్టిపడుతుంది కాబట్టి ఇప్పుడే మార్చేయండి. తక్కువ తిరిగిన బండి అయినా ఏడేళ్లు దాటితే మార్చడం మంచిది.

బెల్ట్ ఒక్కటే కొనకండి. టెన్షనర్ బేరింగ్‌తో పాటు కామ్ షాఫ్ట్‌కు, క్రాంక్ షాఫ్ట్‌కు వేసే ఆయిల్ సీళ్లు కూడా తీసుకోండి. సీల్ కారి బెల్ట్‌కు ఆయిల్ తగిలితే రబ్బరు ఉబ్బి పళ్లు ఊడతాయి. విప్పడానికి కూలి ఎట్లాగూ ఒకటే. పాత బెల్ట్ తీసేముందు పుల్లీల గుర్తులు కలిపి పెట్టించండి. కొత్తది వేశాక ఇంజిన్‌ను స్టార్టర్‌తో కాకుండా చేతి రెంచ్‌తో రెండు పూర్తి చుట్లు తిప్పి, గుర్తులు మళ్లీ కలిశాయో లేదో మీ కళ్లతో చూడండి. ఒక్క పన్ను జరిగినా బండి పికప్ పోతుంది, ఐడిల్‌లో వణుకుతుంది. అట్లా ఉంటే కవర్ మూయనివ్వకండి.